పసుపు దారం కట్టిన కంకి

నేను మద్రాసు నుంచి వచ్చే ఒక తెలుగు దినపత్రికకు మార్కాపురం విలేకరిగా ఉన్న రోజుల్లో, నా వార్తలను అందరికంటే శ్రద్ధగా దాచుకున్నది మా మేనత్త. చదవడానికి కాదు, జొన్న కంకులకు తొడిగే సంచులు చేయడానికి. పత్రిక కాగితాన్ని మడిచి రెండు పొరలు చేస్తే గాలికి చిరగదు, లోపల కంకికి ఉక్కపోయదు అని ఆమె తేల్చుకుంది. చింతగింజల బంకతో అంచులు అతికించి పొడుగాటి గొట్టాల్లాగా చేసేది. వారానికోసారి సైకిలు మీద ఊరికి పోయేటప్పుడు ఆ వారం పత్రికలన్నీ నేను కట్టగట్టి పట్టుకుపోవాలి. తాలూకా కచేరీ సంగతులు, పలకల గనుల సంగతులు, వాన పడలేదన్న సంగతులు అన్నీ చేలో కంకుల మీద తలకిందులుగా ఊగుతూ ఉండేవి. నేను రాసినవాటిలో మరునాటికి కూడా పనికొచ్చినవి అవే.

ఆమె చేసే పనికి అప్పటికి తెలుగులో పేరు లేదు. జన్యుశాస్త్రం అనే మాట మా పత్రికలోకి రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. ఊళ్ళో వాళ్ళు మాత్రం ఒక పేరు పెట్టేశారు: కంకుల పెళ్ళి. మా అత్త పెళ్ళి చేసుకోలేదు. మద్రాసులో వృక్షశాస్త్రం చదివి, దక్షిణాన ఒక ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రంలో కొన్నేళ్ళు పనిచేసింది. అది తాత్కాలికపు ఉద్యోగం. ఖర్చులు తగ్గించుకునే కాలం వచ్చి ఆ ఉద్యోగం రద్దయితే ఇంటికి వచ్చేసింది. తనతో తెచ్చుకున్నవి ఒక భూతద్దం, సన్నపాటి పట్టకారు, కొన్ని సూదులు, గుడ్డసంచిలో గుప్పెడు జొన్నలు. "తాను చేసుకోదు గాని కంకులకు మాత్రం పెళ్ళిళ్ళు చేస్తది" అని రచ్చబండ దగ్గర అనేవాళ్ళు. ఆ మాట ఆమె చెవిన పడింది కూడా. వీటి పెళ్ళికి చుట్టాలు అలగరు, అందుకే చేస్తున్నానని ఆమె వాళ్ళ ఎదుటే అంది.

గుడ్డసంచిలోని జొన్నల సంగతి చెప్పాలి. మా చేలను పాడుచేసేది మల్లె. పూలమల్లె కాదు, పేరు మాత్రమే అది. జొన్న వేళ్ళకు పట్టుకుని, కింద కింద రసం పీల్చుకుని, ఒకరోజు మొదట్లోంచి తెల్లటి చిన్న పూలతో పైకి లేచే కలుపు అది. అది కనిపించే నాటికి పైరు పని అయిపోయినట్టే. పీకినా లాభం లేదు. మా పచ్చజొన్నకు సంగటికి సాటి లేదు గాని, మల్లె ముందు అది నిలవదు. అత్త తెచ్చిన జొన్నకు మల్లె పట్టదు. అయితే ఆ పిండి చేదు, రొట్టె తట్టబోతే విరిగిపోతుంది. ఈ రెండింటి మంచీ ఒక్క గింజలోకి తేవాలని ఆమె పట్టు. మా నాయనను బతిమాలి బావి పక్కన ఒక చెక్క నేల తీసుకుంది.

ఆమె పనిచేస్తుంటే నేను చాలాసార్లు చూశాను. సాయంత్రం ఎండ తగ్గాక పీట వేసుకుని పచ్చజొన్న కంకి ముందు కూర్చునేది. కంకిలో కొన్ని పువ్వులే ఉంచి మిగిలినవి కత్తిరించేసేది. ఉంచిన పువ్వులు విచ్చకముందే, ఒక్కోదాన్నీ సూదితో తెరిచి, లోపలి పుప్పొడి తిత్తులను పట్టకారుతో తీసేది. ఒక్క తిత్తి పగిలినా ఆ పువ్వు పనికిరాదు. తరువాత సంచి తొడిగి, తెల్లవారగానే రెండో జొన్న పుప్పొడి తెచ్చి దులిపేది. సంచి మొదట్లో పసుపు ముంచిన దారం కట్టేది. చేలో బోలెడు సంచులుండేవి. ఏది సంకరం చేసిన కంకి, ఏది ఉత్తినే కాపాడుతున్న కంకి అన్నది దూరం నుంచి తెలియాలి. ఇంట్లో తేలికగా దొరికే రంగు పసుపే.

ఆ పసుపు దారమే ఊరివాళ్ళ కళ్ళలో వేరే అర్థం తెచ్చుకుంది. మా వైపు మొక్కుకున్నవాళ్ళు పసుపు గుడ్డలో నాణెం కట్టి దాస్తారు. కోరిక తీరాక దేవుడి దగ్గరికి చేరుస్తారు. అది ముడుపు. దాన్ని ఎవరూ ముట్టుకోరు, దొంగ కూడా ముట్టడు. అమ్మగారు కంకులకు ముడుపులు కట్టిందని కూలీలు అనుకున్నారు. అది విని అత్త కాదనలేదు. కోయడానికి వచ్చే పిల్లల చేతుల నుంచి, పశువుల కాపరుల నుంచి దాన్ని మించిన కంచె ఏముంటుందని నాతో అంది. నాకూ నిజమే అనిపించింది.

మొదటి ఏడు సంకరం గింజలు కొన్ని దక్కాయి. రెండో ఏడు వాటిని ఒక చిన్న సాలులో విత్తింది. వానలు వెనకబడ్డాయి. మొలకల్లోనే పురుగు కొట్టింది. చివరికి సాలు మొత్తంలో ఒక్క మొక్క నిలిచింది. అది మాత్రం మనిషి ఎత్తు దాటి లేచింది. అంత కంకి మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. అయితే దాని మొదట్లో కూడా మల్లె పూసింది. మా నాయన ఒకరోజు గట్టు మీద నిలబడి అది చూశాడు.

"నీ పెండ్లి బిడ్డకూ పట్టింది గదమ్మా మల్లె. ఇంక చాల్లే. ఈ కోత అయినాంక ఆ చెక్కలో నేను కంది ఏస్తా."

అత్త వాదించలేదు. ఇంటికి వచ్చాక నాకు మాత్రం చెప్పింది. తండ్రి గుణం ఈ మొక్కలో కనబడకుండా దాక్కుందట, పోలేదట. ఈ కంకికి వేరే పుప్పొడి సోకకుండా కాపాడి, దీని గింజలు చల్లితే, మనవళ్ళలో తాతల గుణాలు విడివిడిగా బయటపడతాయట. వాటిలో మల్లె పట్టనివి కొన్ని ఉండి తీరాలట. గుడ్డసంచిలో మిగిలిన పాత గింజలను అప్పటికే ముక్కపురుగు తినేసింది. మళ్ళీ మొదలుపెట్టడానికి గింజ లేదు, నేలా లేదు. ఉన్నది ఆ ఒక్క కంకి. దానికి సంచి తొడిగి పసుపు దారం రెండు పేటలు చుట్టింది.

కాపలాకు ఒక అవ్వ ఉండేది. ఊరి చివర మాలపల్లెలో ఉండే క్రైస్తవ కుటుంబం. మా చేలలోనే కూలి చేసి ముసలిదైంది. అత్తను ఎత్తుకుని తిరిగిన మనిషి. పొద్దుగూకే దాకా మంచె మీద కూర్చుని ఒడిసెలతో చిలకలను తోలేది. ఒడిసెల తిప్పుతూ తమ గుడి పాటలు పాడుకునేది. రాయి వదిలేటప్పుడు మాత్రం పాట ఆపి చిలకను తిట్టి, మళ్ళీ పాట అందుకునేది.

కంకి గింజ గట్టిపడుతున్న రోజుల్లో అత్తకు చలిజ్వరం పట్టింది. నల్లమల గాలికి మా వైపు ఆ జ్వరం ఏటా వచ్చేదే గాని, ఆ ఏడు ఆమెను పూర్తిగా పడేసింది. బండి కట్టించి మార్కాపురం తీసుకువచ్చి, ఆసుపత్రికి దగ్గర్లో ఉన్న నా గదిలోనే పడుకోబెట్టాం. క్వినైను చేదుకు ముఖం చిట్లించి, చెవుల్లో హోరు అంటూ, తెలివి వచ్చినప్పుడల్లా కంకి సంగతి అడిగేది. అవ్వ ఉంది కదా అనేవాణ్ణి. అవునంటూ కళ్ళు మూసుకునేది.

కాస్త లేచి తిరిగే స్థితికి రాగానే ఊరికి పోదామని పట్టుబట్టింది. వద్దన్నా వినలేదు. బండి నేరుగా చేను దగ్గరికే పోనిమ్మంది. మొక్క నిలబడే ఉంది. తల లేదు. ఎవరో కొడవలితో ఏటవాలుగా నీటుగా కోసిన కాడ మిగిలింది. చిలకలు కొట్టినదీ కాదు, పశువు విరిచినదీ కాదు.

మంచె మీంచి అవ్వ దిగివచ్చింది. ముఖం నిండా సంతోషం.

"లేచి తిరుగుతాండావా చిన్నమ్మా. నాకు తెలుసు, మొక్కు తీరినాంక ఇంకేం ఉంటాది జ్వరం."

"కంకి ఏదవ్వా?"

"ముడుపు చెల్లించినా. మొన్న మా కోతల పండగకు తీసకపోయినా."

తరువాత అవ్వ వివరంగా చెప్పింది. కంకి పండిపోయింది. అమ్మగారేమో ఒళ్ళు తెలియకుండా పడి ఉంది. ముడుపు కట్టినవాళ్ళు గడువు దాటనిస్తే ఆ కోపం ఎవరి మీద పడుతుందో ఎవరికి తెలుసు? ఈ జ్వరం దానివల్లనే వచ్చిందేమో. ఎవరికి మొక్కుకుందో అడుగుదామంటే మనిషి మాట్లాడే స్థితిలో లేదు. తిరుణాల ఇంకా దూరం. తమ గుడిలో కోతల పండుగ ఆ ఆదివారమే. చేలో పండినవాటిలో అన్నిటికంటే మంచిదాన్ని మొదట దేవుడికి తేవడం తమకు ఏటా ఉన్నదే. అందుకని సంచీ దారం ఏదీ విప్పకుండా కంకిని కోసి, తలమీద గంపలో పెట్టుకుని తీసుకుపోయింది.

"మీ దేవునికి మొక్కినావో మా దేవునికి మొక్కినావో నాకేం తెలుసు? ఎవురికైతే ఏంది, చేరాల గదా" అంది.

అత్త గట్టు మీద కూర్చుండిపోయింది. ముడుపు కాదని తను ఎన్నడూ చెప్పలేదు కదా, ఇక ఎవరిని ఏమనగలదు? నేను అవ్వను పక్కకు పిలిచి సంగతి చెప్పాను. ఆ కంకి విత్తనమనీ, అది తప్ప ఇంకోటి లేదనీ అర్థమయ్యేసరికి ఆమె కూడా కూర్చుండిపోయింది.

పండుగకు వచ్చిన సరుకునంతా పాస్టరుగారు గుడి ముందు వేలం పాట పెడతారు. గుమ్మడికాయలు, కోళ్ళు, సజ్జలు, దోసకాయలు అన్నీ పాడుకుంటారు. ఊళ్ళోని రైతులు కూడా వేపచెట్టు కింద నిలబడి పాడతారు. ఆ వచ్చిన డబ్బు గుడికి. మా అత్త కంకి వంతు వచ్చినప్పుడు పాస్టరుగారు కాగితం సంచి మాత్రం చించి తీసి, కంకిని ఎత్తి చూపించారట, అందరూ ఒక్కసారి ఆ అన్నారట. దాన్ని పాడుకున్నది మా ఊరి ఆడపడుచే. హనుమంతునిపాడు దిక్కున ఒక ఊళ్ళో కాపురం. భర్త పోయాక సేద్యమంతా తానే చేయిస్తుంది. పుట్టింటికి వచ్చి ఉండి, పాట చూడ్డానికి పోయి, కంకిని పాడుకుని మరునాడే బండెక్కి వెళ్ళిపోయింది.

ఇంట్లో మా నాయన వసారాలో కూర్చుని అంతా విన్నాడు. పీడ పోయిందని ఆయనకు లోపల సంతోషమే అనుకుంటాను. అవ్వను రేపటి నుంచి పనికి రావద్దని చెప్పమన్నాడు. అత్త చెంబుతో నీళ్ళు తాగి, చెంబు కింద పెట్టి, రేపు పొద్దున బండి కావాలంది. అవ్వ కూడా వస్తుందంది. ఈ ఒంటితోనా అని నాయన అడిగాడు. ఒళ్ళు బండిలో పడి ఉంటుందిలే, నడిచేది ఎద్దులు కదా అంది.

కంబళి కప్పుకుని అత్త, ఆమె తల పట్టుకుని అవ్వ, ముందు నేను, బండి తోలే మనిషి. దారి పొడుగునా రాళ్ళ నేల, ఎండిన వాగులు. అత్తకు మధ్యలో మళ్ళీ చలి వచ్చింది. వెనక్కి తిప్పమంటావా అని అడిగితే తల అడ్డంగా ఊపింది. అవ్వ మాత్రం దారంతా ఎవరితోనూ మాట్లాడకుండా పెదవులు కదుపుతూ ఉంది. ప్రార్థన అని నాకు తెలుసు. ఏమని అడుగుతోందో కూడా ఊహించగలను. ఇచ్చింది తిరిగి ఇయ్యమని దేవుణ్ణి అడగడం ఆమెకు ఎంత కష్టమైన పనో.

ఆ ఇంటి వసారాలో, దూలానికి మా కంకి వేలాడుతోంది. పసుపు దారం దానికి అట్లాగే ఉంది. దాని మీద పిచ్చుకలు వాలి ఉన్నాయి. కొత్త కంకులు పిచ్చుకలకు కట్టడం ఆ ఇంట్లో ఏటా చేసే పని. మేము దిగేసరికి కిందంతా పొట్టు, పగిలిన గింజలు. కంకి పైభాగం బోడి అయిపోయింది. అడుగుభాగంలో ఇంకా గింజ ఉంది.

అవ్వ చేతులు ఊపుతూ పిచ్చుకల మీదికి పోయింది. ఇంటి ఆమె లోపల్నుంచి బయటికి వచ్చి, పిచికల్ను తోలతావేందే, వాటికే గదా కట్టింది అని గద్దించింది. అంతలో అత్తను చూసి ఆశ్చర్యపోయి, మంచం వాల్చింది. అత్త మంచం మీద కూర్చోలేదు. కంకి కిందనే స్తంభానికి ఆనుకుని నిలబడి వచ్చిన పని చెప్పింది. నేను మధ్యలో కలగజేసుకుని, ఎంతకు పాడుకున్నారో అంతా ఇచ్చేస్తామన్నాను. అది పొరపాటు. ఆమె ముఖం ముడుచుకుంది.

"దేవుని పాటలో తెచ్చుకున్నది వదినా. మళ్ళా ఇయ్యగూడదు. దుడ్లకు అసలే ఇయ్యగూడదు."

అత్త నావైపు చూడకుండానే చేత్తో ఆగమంది.

"ఇయ్యొద్దులే. నీ దగ్గరే ఉండనీ. ఆ మిగిలిన గింజలు నీ చేలోనే ఎయ్యి. మల్లె చేను ఒకటి ఉంది గదా నీకు."

"దాంట్లోనా? ఆడ జొన్న పండి ఎన్నేండ్లయిందో. మల్లె తప్ప ఏం రాదు."

"అందుకే ఆడనే ఎయ్యమంటున్నా."

ఇంటి ఆమె అవ్వవైపు చూసింది, నావైపు చూసింది. ఈ మనిషికి జ్వరం ఇంకా దిగలేదా అన్నట్టుంది ఆ చూపు. అత్త చెప్పుకుపోయింది. పంట ఆమెదే. కొన్ని కంకులకు మాత్రం తను దారం కట్టుకుంటుంది. వాటి జోలికి రాకుంటే చాలు. ఉత్తగా పడి ఉన్న నేల, పిచ్చుకలు తినబోయే గింజ, ఇందులో పోయేదేముంది?

"మళ్ళా ముడుపా?" అని ఇంటి ఆమె నవ్వింది.

"నేను కాపలా ఉంటాలేమ్మా" అంది అవ్వ. "ఈసారి చిన్నమ్మ నోటితో చెప్పేదాకా ఏ దేవునికీ ఇయ్యను."

అప్పుడు అత్త కూడా నవ్వింది. జ్వరం వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు. ఇంటి ఆమె పీట వేసుకుని ఎక్కి, తన చేత్తోనే కంకిని విప్పి, తన కొంగులోనే ఉంచుకుని, కూర్చుని నలిపింది. కింద రాలిన గింజలను అవ్వ పొట్టులోంచి ఏరింది. పగలని ప్రతి గింజనూ భూతద్దంలో చూసి అత్త పక్కన పెట్టింది. దోసెడు కూడా కాలేదు. అవి ఆ ఇంటి గూట్లో, బూడిద కలిపిన కుండలో, వానాకాలం దాకా ఉన్నాయి.

మరుసటి ఏడు అత్త మకాం అక్కడికే మార్చింది. అవ్వ కూడా వెంట వెళ్ళింది. నా పత్రికల కట్టలు ఇప్పుడు బస్సు తోలేవాడి చేతికిచ్చి పంపాల్సి వచ్చేది. నేను ఒకసారి పైరు చూడ్డానికి వెళ్ళాను. అలాంటి చేను నేను చూడలేదు. ఒకే కంకి గింజల్లోంచి మోకాలెత్తు మొక్క, మనిషెత్తు మొక్క, పచ్చ గింజది, తెల్ల గింజది, బిగుతు కంకి, వదులు కంకి. చేను యజమానురాలు నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. ఒక్క తల్లి కడుపున ఇన్ని తీర్లేందని అడుగుతోంది. నీ పిల్లలు నలుగురూ ఒక్క తీరుగా ఉండారా అని అత్త అడిగింది. ఆమె ఆలోచించి, పెద్దోడు మా మామ, చిన్నది అచ్చం మా అమ్మ అంది. అంతే, ఇది కూడా అంతే అంది అత్త. నేను ఆ తరువాత ఈ శాస్త్రం మీద చదివిన ఏ పాఠమూ అంతకంటే తేటగా లేదు.

మల్లె లేచింది. చాలా మొక్కల మొదట్లో తెల్లగా పూసింది. అత్త సాలు వెంబడి వంగి నడుస్తూ పోయింది, నేను వెనక. కొన్ని మొక్కల చుట్టూ నేల శుభ్రంగా ఉంది. అక్కడ ఆగి, మోకాళ్ళ మీద కూర్చుని, వేలితో మట్టి తవ్వి వేరు చూసి, లేచి, పసుపు దారం కట్టి ముందుకు పోయేది. ముఖంలో ఏమీ లేదు. దారం కట్టేటప్పుడు మాత్రం వేళ్ళు కొంచెం తొందరపడ్డాయి.

అక్కడితో అయిపోలేదు. మల్లె పట్టనిదానికి గింజ చేదు, గింజ బాగున్నదానికి కాడ పడిపోవడం. ఏరడం, మళ్ళీ విత్తడం, మళ్ళీ ఏరడం. ఒక ఏడు వాన మొత్తం పోయింది. ఒక ఏడు దక్షిణాది క్షేత్రం నుంచి, ఉద్యోగం తిరిగి ఇస్తాం రమ్మని కబురు వచ్చింది. గింజ ఇంకా కుదరలేదని ఆమె వెళ్ళలేదు. చివరకు కుదిరిన జొన్నతో ఆ ఇంట్లో సంగటి కెలికారు. అవ్వ మొదటి ముద్ద తిని, పచ్చజొన్నేనే, కొంచెం బిరుసు అంది. ఆ బిరుసు పోగొట్టడానికి అత్తకు ఇంకో రెండు పంటలు పట్టాయి.

అవ్వకు ఒక్క విషయం మాత్రం మనసులో గుచ్చుకుంటూనే ఉంది. దేవుడికి చేరిన కంకిని తిరిగి తెచ్చుకున్నామన్నది. దానికి అత్త ఒప్పుకున్న పరిహారం ఏమిటంటే, ప్రతి కోతకూ చేలో అన్నిటికన్నా మంచి కంకిని, విత్తనానికి కావలసిన కంకులు వేరే ఉంచుకున్నాక, సంచితో దారంతో సహా అవ్వే మా ఊళ్ళోని తమ గుడికి తీసుకుపోవాలి. ఏటా తీసుకుపోయింది.

కొత్త జొన్న పేరు చుట్టుపక్కల పాకింది. ఒక శీతాకాలంలో మా నాయన పని కట్టుకుని హనుమంతునిపాడు దిక్కు బండి కట్టించాడు. చేనంతా తిరిగాడు. మల్లె ఎక్కడైనా ఉందేమోనని మొదళ్ళు వంగి చూశాడు. తరువాత గట్టు మీద నిలబడి, ఆ చెక్కలో కంది కూడా అంత బాగా రావడం లేదంటూ మొదలుపెట్టి, విత్తనాలు కొన్ని కావాలన్నాడు.

అత్త ఇవ్వనని అనలేదు.

"వచ్చే ఆదివారం మనూరి పల్లెలో కోతల పండగ. పాట పెడతారు. వచ్చి పాడుకో అన్నా."

మా నాయన పల్లెలోకి ఎప్పుడూ అడుగు పెట్టినవాడు కాదు. ఆ ఆదివారం తెల్ల పంచె కట్టుకుని, కండువా వేసుకుని, గుడి ముందు వేపచెట్టు కింద అందరికంటే ముందుగా వచ్చి నిలబడ్డాడు. నేను, అత్త, చేను యజమానురాలు వెనక ఉన్నాం. గుమ్మడికాయలు అయిపోయాయి, కోళ్ళు అయిపోయాయి. అవ్వ లోపలి నుంచి కంకి తెచ్చి పాస్టరుగారి చేతికి ఇచ్చింది. నాయన పాడాడు. వెనకనుంచి చేను యజమానురాలు ఒక రూపాయి ఎక్కువ పాడింది. నాయన వెనక్కి తిరిగి చూసి మళ్ళీ పాడాడు. ఆమె మళ్ళీ ఎక్కువ పాడింది. జనం నవ్వడం మొదలుపెట్టారు. అత్త ఆమె చెయ్యి పట్టుకుని ఆపేదాకా అది సాగింది.

పాట నాయన పేర కొట్టేశారు. ఆయన ముందుకు పోయి, అవ్వ ఎదుట నిలబడి, రెండు చేతులూ చాచి కంకి అందుకున్నాడు. దారం విప్పబోతే అవ్వ ఆయన చేతిని ఆపింది.

"ఇప్పుడే ఇప్పొద్దు నాయనా. ఏసేదాకా ఉండనీ."

ఆయన సరేనన్నాడు. సంచి మీద ఆ ఏడు వానల గురించి నేను రాసిన వార్త తలకిందులుగా ఉంది. దాన్ని భుజానికి ఆనించుకుని, పల్లె మధ్యలోంచి నడుచుకుంటూ ఇంటికి పోయాడు.